పిట్ట బండికి డాక్టరు రాసిన ఫైలు

ఊరి చివర టైర్ల గోదాముకీ ఐసు ఫ్యాక్టరీకీ మధ్యన ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. అందులో పనిచేసే పెద్దమనిషిని అందరూ డాక్టరు అంటారు. మందులిచ్చే డాక్టరు కాదు లెండి. చిన్న కార్లకి పెద్ద బలం ఎక్కించే డాక్టరు. చూడ్డానికి కూరగాయల సంచీ వేసుకుని బజారుకెళ్లే బండిలాగే ఉంటుంది, తొక్కితే మాత్రం వెనకున్నవాడికి పొగ తప్ప ఇంకేం మిగలదు. అలాంటి బుల్లి బళ్లంటే పడిచచ్చే జనం ప్రతి ఊళ్లోనూ ఉంటారు కదా, వాళ్లందరికీ ఈయనే దిక్కు.

ఇప్పటి బళ్లకి ప్రతిదానికీ లోపల ఒక కంప్యూటరు ఉంటుంది. ఎంత పెట్రోలు పొయ్యాలి, నిప్పురవ్వ ఎప్పుడు రాజెయ్యాలి, ఇంజన్ మరీ వేడెక్కితే ఎప్పుడు చెయ్యిపట్టి ఆపాలి, అన్నీ దాని పెత్తనమే. డాక్టరు తన లాప్‌టాప్ తీగెని దానికి తగిలించి, లోపల రాసి ఉన్నదంతా బయటికి లాగి, తనకి నచ్చినట్టు తిరగరాసి మళ్లీ లోపల పెడతాడు. దాన్ని వాళ్ల మాటల్లో ఫైలు అంటారు. ఆ తర్వాత ఇంజన్‌కి ఒక చిన్న మైకు బిగించి, దాని హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. లోపల పెట్రోలు సరిగ్గా మండకపోతే గులకరాళ్లు గిలక్కొట్టినట్టు చప్పుడొస్తుందట. అది మామూలు చెవికి వినబడదు. అలా కళ్లు మూసుకుని తల పంకిస్తూ నిలబడితే అచ్చం రోగి గుండె చూస్తున్నట్టే ఉండేవాడు. అందుకే ఆ పేరు అతుక్కుపోయింది. ఆ పేరంటే ఆయనకీ లోలోపల మహా ముద్దు.

ఆ రోజు మధ్యాహ్నం వాన. రేకుల మీద ఎవరో బస్తాలకొద్దీ శనగలు గుమ్మరిస్తున్నట్టు ఒకటే మోత. పనేమీ లేదు. డాక్టరు, ఆయన బావమరిది ఇద్దరూ గుమ్మం దగ్గర కుర్చీలేసుకుని కూర్చున్నారు. స్పానర్ల పని బావమరిదిది, లాప్‌టాప్ పని బావది.

"బావా, ఇలాగే రెండ్రోజులు కురిస్తే మనం కార్లు మానేసి పడవలకి ఫైళ్లు రాసుకోవాలి," అన్నాడు బావమరిది.

"నీకు ఈత రాదుగా, ముందు అది నేర్చుకో."

అప్పుడొచ్చింది బూడిద రంగు బండి. వానలో మెల్లగా, ఎక్కడా తొందర లేకుండా వచ్చి, సరిగ్గా గీత గీసినట్టు గుమ్మం ముందు ఆగింది. దిగినావిడకి నలభై దాటుంటాయి. నీలం యూనిఫాం చొక్కా, జేబు మీద సిటీ బస్సుల బొమ్మ.

"బస్సు నడుపుతావా అమ్మా?" డాక్టరు లేచి నిలబడ్డాడు.

"పదహారేళ్లుగా. ఏడో నంబరు రూటు."

"బస్సు నడిపే చెయ్యికి ఈ బుల్లిపిట్ట ఏం ఆనుతుందమ్మా?"

బుల్లిపిట్ట అన్న మాటకి ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. "నా తమ్ముడిది," అంది. "దీనికి బలం ఎక్కించాలి. ఏమేం చెయ్యొచ్చో చెప్పండి. నాకు ఈ సంగతులు తెలీవు. తీరిగ్గా, అన్నీ చెప్పండి."

డాక్టరుని మాట్లాడమనడం కంటే ఆయనకి ఇష్టమైన పని ఇంకోటి లేదు. కుర్చీ ఆవిడ వైపు జరిపి మొదలెట్టాడు.

"మూడు దారులున్నాయమ్మా. మొదటిది చిన్న పెట్టె. దాన్ని తీసుకెళ్లి తీగెల మధ్యలో పెడతాం. అది కంప్యూటరుకి అబద్ధాలు చెబుతుంది. గాలి ఇంత వస్తే అంత వస్తోందని చెప్పి పని జరిపించుకుంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పీకెయ్యొచ్చు. కానీ అబద్ధం అబద్ధమే కదా, ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది."

"రెండోది?"

"ఉన్న కంప్యూటరుకే కొత్త పాఠం చెప్పడం. అదే ఫైలు. నా చెయ్యి పడేది అక్కడే. మూడోది, ఆ కంప్యూటర్నే పీకి పారేసి వేరేది పెట్టడం. అది పందేల బళ్లకి. మన బజారు పనులకి అంత అక్కర్లేదు."

"మీరైతే ఏది చేస్తారు?"

"రెండోదే. కళ్లు మూసుకుని."

"కళ్లు మూసుకునా?" అంది ఆవిడ. నవ్వలేదు.

బావమరిది లోపల్నించి ఒక కాగితం తెచ్చిచ్చాడు. వాళ్ల షెడ్డులో ఎవరొచ్చినా అది నింపాల్సిందే. ఒక్కో సంగతికీ ఎదురుగా ఒక గడి ఉంటుంది, కావాలంటే టిక్కు పెట్టాలి. సైలెన్సర్‌లో చిటపటలు కావాలా. వేగం మీద ఉన్న కట్టడి తియ్యాలా. ఎదురుగా వెలిగే హెచ్చరిక లైటు ఆర్పెయ్యాలా. చివరి వరసలో, ఇంజన్‌కి ప్రమాదమైతే బలం తగ్గించే రక్షణ ఉంచాలా, తీసెయ్యాలా.

ఆవిడ పెన్ను పట్టుకుని చివరి వరస దగ్గర ఆగింది. "ఇక్కడ టిక్కు పెడితే మీరు తప్పకుండా ఉంచుతారా?"

"భలేదానివమ్మా! కాగితం ఎందుకు మరి?"

ఆవిడ టిక్కు పెట్టింది. ఎంత గట్టిగా పెట్టిందంటే కాగితం చిరిగింది.

బండిని వెనక గదిలోకి తీసుకెళ్లారు. ఆ గదికి కిటికీల్లేవు. చప్పుడు బయటికి పోకుండా గోడలకి నల్లటి స్పాంజి అతికించి ఉంటుంది. నేలలో రెండు ఇనప రోలర్లు. బండి ముందు చక్రాలు వాటి మీద పెట్టి, నాలుగు మూలలా పట్టీలతో బిగించేస్తే, చక్రాలు రోడ్డు మీద పరిగెట్టినట్టు తిరుగుతాయి గానీ బండి అంగుళం కదలదు. ఎదురుగా గోడకి మనిషంత ఫ్యాను. తలుపు వేస్తే వాన చప్పుడు కూడా లోపలికి రాదు. మన ఊపిరి మనకే వినిపిస్తుంది.

బావమరిది పట్టీలు బిగించి, ఇంజన్‌కి మైకు తగిలించి, ఆవిడని టీ తాగుదురు రమ్మని ముందు గదిలోకి తీసుకెళ్లాడు. డాక్టరు డ్రైవరు సీట్లో కూర్చుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, తీగె తగిలించాడు.

లోపల లవంగాల వాసన.

బండి కంప్యూటరు తన లోపలున్న ఫైలు పేరు చూపించింది. డాక్టరు చదివాడు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాడు.

తెల్లబండి, చివరిది, రెండు.

ఇక్కడ కాస్త ఆగి ఏడాది కిందటి సంగతి చెప్పుకోవాలి.

అప్పట్లో డాక్టరు దగ్గరికి ఒకతను వచ్చేవాడు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ లవంగం నములుతూ. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. అందరూ పిట్ట అనేవారు. ఎర్ర రంగు బుల్లి బండి, దానికి తన కూతురికి తుడిచినంత జాగ్రత్తగా మొహం తుడిచేవాడు. ఒక శనివారం ఫైలు రాయించుకోవడానికి వచ్చాడు. కాగితంలో రక్షణ ఉంచాలి అన్న చోట ఒకటికి రెండుసార్లు టిక్కు పెట్టాడు. "పాప కూడా ఎక్కుతుంది డాక్టరుగారూ," అన్నాడు.

సరైన ఫైలు రాయడానికి నాలుగు గంటలు పడుతుంది. డాక్టరు ఇంటి దగ్గర్నించి భోజనానికి రెండుసార్లు ఫోన్ వచ్చింది. మూడోసారి వస్తే తిట్లతో వస్తుంది. అంతకుముందు వారం ఒక తెల్లబండికి రాసిన ఫైలు లాప్‌టాప్‌లో ఉంది. రెండూ ఒకే రకం బళ్లే. డాక్టరు దాన్నే తీసి పిట్ట బండిలో పడేశాడు. కానీ తెల్లబండికి పెట్రోలు చిమ్మే గొట్టాలు పెద్దవి వేయించి ఉన్నాయి. పిట్టవి చిన్నవి. ఆ ఫైలుతో పిట్ట బండికి తొక్కిన కొద్దీ పెట్రోలు చాలదు. ఇంజన్ లోపల ఎండిపోయి కాలిపోతుంది. డాక్టరుకి ఆ సంగతి తట్టింది. తట్టిందండీ. తట్టి, సోమవారం రమ్మని సరిచేద్దాంలే అనుకుని, అప్పటిదాకా హెచ్చరిక లైటు వెలిగి గోల చెయ్యకుండా దాన్ని ఆర్పేశాడు. రక్షణ కూడా తీసేశాడు. అది ఉంటే బండి ముక్కుతూ మూలుగుతూ నడిచి డాక్టరు పేరు చెడగొడుతుంది మరి.

ఆదివారం పొద్దున పిట్ట ఫోన్ చేశాడు. "డాక్టరుగారూ, బండి దగ్గుతోంది. ఊరెళ్లాలి. వెళ్లమంటారా, ఆగమంటారా?"

డాక్టరు మంచం మీంచి లేవకుండానే, "ఏం కాదయ్యా, కొత్త ఫైలు కదా, కుదురుకుంటుంది. భయపడకు. ఫుల్లుగా తొక్కు," అన్నాడు.

లారీని దాటబోతూ ఫుల్లుగా తొక్కాడు పిట్ట. సగంలో ఇంజన్ చచ్చిపోయింది. ఎదురుగా ఇంకో లారీ.

అందరికంటే ముందు పాత బళ్ల యార్డుకి వెళ్లింది ఎవరనుకున్నారు? డాక్టరే. నుజ్జయిపోయిన ఆ బండిలో కంప్యూటరుకి తీగె తగిలించి, తన ఫైలు తుడిచేసి, కంపెనీ ఫైలు ఎక్కించి, నిట్టూర్చుకుంటూ ఇంటికొచ్చాడు. ఇంజన్ ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేకపోయారు. దూకుడు పిల్లాడు, సర్కసు చేయబోయి పోయాడు అన్నారు. డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు. నాలుగుసార్లు.

తన చేత్తో తుడిచేసిన ఫైలు. ఇప్పుడు తన కళ్ల ముందే ఉంది.

డాక్టరు వంగి తలుపు అంచు చూశాడు. బూడిద రంగు కింద, రబ్బరు పట్టీ ఉన్నచోట, ఎర్ర రంగు.

బస్సు డ్రైవరు. నా తమ్ముడిది అంది. పిట్ట ఎప్పుడూ చెప్పే "మా అక్క" ఈవిడే అన్నమాట. ఆవిడకి ఏం తెలుసు? ఎంత తెలుసు? అవన్నీ తర్వాతి సంగతి. ముందు ఈ ఫైలు ఉండకూడదు. ఇంకొకడు తీగె తగిలించాడంటే పేరుతో సహా దొరికిపోతుంది.

చూడండి, అప్పుడైనా లేచి వెళ్లి ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే కథ వేరేగా ఉండేది. డాక్టరు లేవలేదు. కంపెనీ ఫైలు వెతికి, 'తుడిచి కొత్తది ఎక్కించు' అన్న చోట నొక్కాడు.

పదిశాతం. ఇరవై. నలభై.

చప్పుడు లేని గదిలో ఏదో చిన్న చప్పుడు. డాక్టరు తల తిప్పాడు. పక్క సీటు మీద హెడ్‌ఫోన్లు పడున్నాయి. వాటిలోంచి వస్తోంది. ఇంజన్ ఆపి ఉంది. ఆపి ఉన్న ఇంజన్ లోపల ఏం చప్పుడుంటుంది?

తీసి చెవులకి పెట్టుకున్నాడు. అలవాటు, అంతే.

ముందు ఏమీ లేదు. దూరంగా గాలి లాంటిది. తర్వాత...

దగ్గు.

పొడి దగ్గు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు. ఇనుము లోపల్నించి. ఒకసారి. ఆగి, ఇంకోసారి.

డెబ్భై శాతం. ఎనభై. ఎనభై మూడు దగ్గర ఆగిపోయింది. తెర మీద అంకెలు మారడం మానేశాయి. దాని కింద ఇంకో గడిలో మాత్రం ఒక అంకె కదిలింది. యాక్సిలరేటరు ఎంత తొక్కారో చూపించే గడి అది. సున్నా ఉండాలి. డాక్టరు కాళ్లు రెండూ సీటు కింద ముడుచుకుని ఉన్నాయి.

మూడు. తొమ్మిది. పదిహేను.

ఆయన వంగి కిందికి చూశాడు. పెడలు తనంతట తానే దిగుతోంది. మెత్తగా. కొత్తగా నేర్చుకుంటున్నవాడు తొక్కినట్టు, జాగ్రత్తగా.

"ఒరేయ్!" అని బావమరిదిని పిలిచాడు. నల్ల స్పాంజి ఆ కేకని అక్కడికక్కడే మింగేసింది.

ఎదురుగా ఫ్యాను తిరగడం మొదలెట్టింది. మెల్లగా, ఒక్కో రెక్కా కనబడేలా. దాని గాలిలో చల్లదనం. వాన వాసన. తడిసిన తారు వాసన. ఆ వెనకాలే, ముక్కు పగిలేలా లవంగాలు...

తలుపు తీద్దామని చెయ్యి చాపాడు. చెయ్యి వెళ్లలేదు. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. అయినా వెళ్లలేదు.

ఇంజన్ అంటుకుంది.

రోలర్లు తిరుగుతున్నాయి. సీటు వణుకుతోంది. గోడ... ఎదుటి గోడ ఏది? ఫ్యాను ఉన్నచోట బూడిదరంగు వెలుతురు. వాన. పొడుగ్గా, నల్లగా, నిగనిగలాడుతూ రోడ్డు. రోడ్డు మీద ఒక లారీ వెనకభాగం. రెండు ఎర్ర లైట్లు.

ఆపాలి. బ్రేకు. బ్రేకు ఎక్కడ?

అప్పుడు హెడ్‌ఫోన్లలో ఒక గొంతు. గుసగుస. చాలా మర్యాదగా.

"ఏం కాదు డాక్టరుగారూ..."

"వద్దయ్యా," అన్నాడు డాక్టరు. "వద్దు. నీకు దణ్ణం పెడతాను."

"కొత్త ఫైలు కదా. కుదురుకుంటుంది."

అరవై. డెబ్భై ఐదు. లారీ దగ్గరికొస్తోంది. దాని చక్రాల కింద నీళ్లు లేచి అద్దం మీద పడుతున్నాయి. ఇంజన్ లోపల గులకరాళ్లు. పది కాదు, వంద కాదు. గంపలకొద్దీ.

"పిట్టా... నాకు ఇల్లుంది... ఇల్లాలుంది..."

"నాకు పాప ఉంది."

లారీ పక్కకి జరిగింది. ఎదురుగా ఇంకో వెలుతురు. రెండు తెల్లటి కళ్లు. పెద్దవవుతున్నాయి.

"ఫుల్లుగా తొక్కండి," అంది గొంతు.

ఇంజన్ చచ్చిపోయింది. చక్రాల చప్పుడు, గాలి చప్పుడు, అన్నీ పోయాయి. ఆ నిశ్శబ్దంలో బండి మాత్రం పోతోంది... పోతోంది...

అప్పుడు స్టీరింగు తన చేతుల్లో ఉందో లేదో, తర్వాత ఎంత గింజుకున్నా డాక్టరుకి గుర్తు రాలేదు.

"బావా! బావా!"

కళ్లు తెరిస్తే బావమరిది మొహం. తలుపు బార్లా తీసుంది. గోడ గోడలాగే ఉంది. ఫ్యాను కదలడం లేదు. నాలుగు పట్టీలూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

"ఏమైంది బావా? తలుపు వేసుకుని ఒకటిన్నర నిమిషం కాలేదు, ఇంకా టీ కూడా చల్లారలేదు. హారను మోత సన్నగా వినబడితే పరిగెత్తుకొచ్చా."

డాక్టరు ఒళ్లో లాప్‌టాప్ వైపు వేలు చూపించాడు. బండి ఎంతసేపు నడిచిందో అది రాసి పెట్టుకుంటుంది. పదకొండు నిమిషాలు అని ఉంది. దాని మీదుగా బావమరిది ముందుకి చూశాడు. కిటికీ కూడా లేని ఆ గదిలో, పైకప్పు కింద, బండి ముందు అద్దం నిండా వాన నీళ్లు. బురద చారలు. నీళ్లు ఇంకా కారుతున్నాయి.

పిట్ట అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆశ్చర్యపోయినట్టు లేదు. బస్సు ఆగాక అందరూ దిగారో లేదో చూసుకునేదానిలా, నెమ్మదిగా అటూ ఇటూ చూసి లోపలికొచ్చింది. చేతిలో ఆ టిక్కుల కాగితం.

"నాకు ఈ పన్లు తెలీవని చెప్పాగా డాక్టరుగారూ," అంది. "ఏడాది పట్టింది దీన్ని బాగుచేయించడానికి. మా డిపోలో మెకానిక్కులు ఇంజన్ మార్చారు. కంప్యూటరు అదే. వాళ్లు చూస్తే కంపెనీ ఫైలే ఉందన్నారు. కానీ నేను నడిపిన ప్రతిసారీ ఇది మీ షెడ్డు వైపే లాగేది. ఏడో నంబరు రూటు పదహారేళ్లు తిప్పినదాన్ని, నాకు స్టీరింగు మాట వినదా? ఇది వినేది కాదు. సరే, వీడికి ఏదో చెప్పుకోవాలని ఉందనుకుని తీసుకొచ్చా."

బావమరిది ఆవిడనీ, బావనీ మార్చి మార్చి చూశాడు. "వీడు అంటే ఎవరమ్మా?"

ఆవిడ కాగితం తిరగేసి, వెనక తెల్లవైపు డాక్టరు ముందు పెట్టి, పెన్ను ఇచ్చింది. "వాడి కూతురి స్కూల్లో పిల్లలు ఏమంటున్నారో తెలుసా? మీ నాన్న గొప్పలకి పోయి చచ్చాడంట కదా అంటున్నారు. ఎనిమిదేళ్ల పిల్ల. దానికి చూపించాలి. ఏం జరిగిందో రాయండి."

డాక్టరు రాశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ రాశాడు. వేరే బండి ఫైలు ఎక్కించిన సంగతి రాశాడు. లైటు ఆర్పిన సంగతి, రక్షణ తీసేసిన సంగతి, యార్డుకెళ్లి తుడిచిన సంగతి. వెనక నిలబడి చదువుతున్న బావమరిది మొహం పాలిపోయింది. "బావా..." అన్నాడు.

సంతకం పెట్టి పెన్ను కింద పెట్టాడు.

"ఇంతేనా?" అంది ఆవిడ.

"ఇంతే."

"ఆ పొద్దున వాడు మా ఇంటికొచ్చాడు. బండి దగ్గుతోంది, డాక్టరుగారిని ఒక మాట అడిగి బయల్దేరతా అన్నాడు. వాడి ఫోన్ ముక్కలైపోయింది, చూద్దామంటే లేదు. మీకు చేశాడా?"

డాక్టరు కాగితం వైపు చూశాడు. ఇప్పటిదాకా రాసింది పొరపాటు. తొందరలో జరిగింది, బుద్ధి తక్కువై దాచుకున్నాను, అని నలుగురిలో తల వంచుకుని చెప్పుకోగలిగిన పొరపాటు. ఆగమంటారా అని ఒక మనిషి అడిగితే, అన్నీ తెలిసి, మంచం దిగడానికి బద్ధకించి వెళ్లమన్నానని రాస్తే... దాన్ని పొరపాటు అని ఎవరూ అనరు.

"చెయ్యలేదమ్మా," అన్నాడు డాక్టరు.

లవంగాల వాసన ఒక్కసారిగా గుప్పుమంది. బావమరిదికి కూడా తెలిసింది, ముక్కు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి యూనిఫాం జేబులో దాచుకుంది.

"నాకిది చాలు," అంది. "వాడి సంగతి నాకు తెలీదు."

పట్టీలు విప్పించుకుని, వచ్చినంత నెమ్మదిగానే వెళ్లిపోయింది. ఈసారి బండి ఎటూ లాగినట్టు లేదు. తిన్నగా పోయింది.

ఆ సాయంత్రం డాక్టరుకి ఛాతీలో నొప్పి. బావమరిది ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నర్సు చొక్కా విప్పి చూసి, "అయ్యో, పెద్ద దెబ్బే తగిలిందే! బెల్టు పెట్టుకోబట్టి బతికిపోయారు," అంది. ఎడమ భుజం మీంచి నడుం దాకా అడ్డంగా నాలుగు వేళ్ల వెడల్పున నల్లగా కమిలిన గీత. బావమరిది అయోమయంగా చూశాడు. రోలర్ల మీద ఎవరూ బెల్టు పెట్టుకోరు. బావ కూడా పెట్టుకోలేదు.

నర్సు ఇంకాస్త వంగి చూసింది. "గీత ఎడమ భుజం నుంచి ఉంది, అంటే మీరు డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారన్నమాట. మరి నడిపినాయనకి ఏమీ కాలేదా?"

బావమరిది చొక్కా తీసి బావ భుజాల మీద కప్పాడు.

గీత వారంలో మాసిపోయింది. బావమరిది వేరేచోట పని చూసుకున్నాడు. షెడ్డుకి బళ్లు రావడం తగ్గి, ఆ తర్వాత మానేశాయి. ఊళ్లో ఇప్పుడు ఆయన్ని డాక్టరు అని ఎవరూ అనడం లేదు. అవన్నీ ఆయన తట్టుకున్నాడు. తట్టుకోలేకపోతున్నది ఇంకోటుంది.

గీత మాసిపోయాక దాని కింద ఒక అరచెయ్యి గుర్తు తేలింది. చిన్నది, సన్నటి వేళ్లు. పక్కన నడుపుతున్నవాడు చెయ్యి చాపి, లేవకుండా సీటుకి అదిమి పట్టినట్టు ఉంటుంది. తాకితే చల్లగా, తడిగా తగులుతుంది. ఎంత తుడిచినా ఆ తడి ఆరదు. ఆయన భార్య మొదటిరోజు చూసినప్పుడు వేళ్ల కొసలు చొక్కాకి పై నుంచి నాలుగో గుండీ దగ్గర ఉన్నాయి. పది రోజులకి మూడో గుండీ.

"ఏం దాచారండీ?" అని అడుగుతుంది ఆవిడ. "ఏదో దాచారు. ఆ పిట్ట అక్కకి చెప్పెయ్యకూడదూ?"

"ఏం లేదే," అంటాడు ఆయన.

అయినా రోజూ పొద్దున్నే ఒక తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చుంటాడు. 'ఆ ఆదివారం పొద్దున' అని రాస్తాడు. అక్కడ ఆగిపోతాడు. ఒకే ఒక్క వాక్యం, అంతే మిగిలింది. కాసేపటికి కాగితం నలిపి పారేసి, రేపు రాద్దాంలే అనుకుంటాడు.

ఇవాళ భార్య చొక్కా తొడిగి గుండీలు పెడుతూ, పై దాకా వచ్చి, చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఒక్క అడుగు వెనక్కి వేసి, గోడకి ఆనుకుని నిలబడింది.

కాలరు గుండీ పెట్టడానికి చోటు లేదు. అక్కడ ఒక బొటనవేలు ఉంది.